చిలుక ఆట ఎందుకు తీయలేదంటే

కోదాడ సూపర్‌వైజర్ మేడమ్ గారికి అనంతగిరి అంగన్‌వాడీ టీచర్ నమస్కరించి రాసుకునే సంజాయిషీ.

ట్యాబ్‌లో జాగా లేక పిల్లల బరువుల ఫొటోలు ఎక్కడం లేదని మీటింగులో మీరు నన్ను నిలబెట్టి అడిగారు. తెర మీది గుర్తును పక్కకు లాగేస్తే యాప్ పోతుందనుకునేదాన్ని. అన్నీ లోపలే ఉన్నాయని మొన్ననే తెలిసింది. సెట్టింగ్స్‌లోకి వెళ్లి పదకొండు తీసేశాను. అందులో మా ఇంట్లోవాళ్లు సీరియళ్లు చూసే యాప్ కూడా ఉంది, ఆ తప్పు నాదే. ఇప్పుడు ఫొటోలు ఎక్కుతున్నాయి.

చిలుక ఆట మాత్రం తీయలేదు. మనం ఏది అంటే ఆ చిలుక అదే అంటుంది. మా సెంటర్‌కు వచ్చే నాలుగేళ్ల గ్రేసీ ఏడాదిగా ఇక్కడ నోరు విప్పలేదు. మాటలు రావేమో, సూర్యాపేట దవాఖానలో చూపించమని వాళ్లమ్మకు నేనే చెప్పాను. నేను ఆట తీసేయబోతుంటే గ్రేసీ ట్యాబ్ లాక్కుని చిలుకతో మాట్లాడింది.

“సప్పుడు జెయ్యకు. నోరు మూసుకొని కూసో.”

మేడమ్, అవి పిల్లలతో రోజూ నేననే మాటలు. ఆ పిల్ల చిలుకతో ఇంకో మాట అనేదాకా ఆటను ఉంచుకోనివ్వండి.