లిఫ్టులో గడిచిన సెలవు

మేనేజరుగారికి,

మీ టైపిస్టు నమస్కరించి రాసుకునేది. నిన్న పొద్దున సీట్లో లేనని నా సెలవుల్లోంచి ఒక పూట కోసేశారట. మా అక్క పురిటికని, జలుబొచ్చినా వాడకుండా దాచుకున్న సెలవులండీ అవి!

సీట్లో లేని మాట నిజమే. కరెంటు పోయి రెండంతస్తుల మధ్య లిఫ్టులో ఇరుక్కుపోయాను. పక్కన ఎవరున్నారో మీకు నేను చెప్పాలా? మరి మీ సెలవు కూడా కోసుకున్నారా? పైగా ఆ చీకట్లోనూ నన్ను ఊరికే ఉండనిచ్చారా! లిఫ్టు కంపెనీని కడిగిపారేస్తూ మీరు ఉత్తరం చెబుతుంటే, ఫోను వెలుతురులో రాసుకున్నాను.

అయినా సెలవే అంటారా? సరే, మీ మాటే ఖాయం. అయితే ఆఫీసు సంగతులు బయట చెప్పకూడదన్న నియమం, సెలవులో చూసినవాటికి వర్తించదు కదండీ. లిఫ్టు ఒక్కసారి కుదిపేసరికి మీరు నా సంచీని కావలించుకుని, "అమ్మా, నన్నొదిలిపోకే!" అని కేకపెట్టారు చూడండీ, అలాంటివన్నమాట.

డ్యూటీ అంటే మాత్రం చచ్చినా నోరు విప్పను. భోజనాల వేళలోపు సెలవో డ్యూటీయో తేల్చండి. ఆ కేక ఎవరిదని అందరూ అడుగుతున్నారు.

నాదేనని చెప్పాను, ప్రస్తుతానికి.

ఇట్లు,
లిఫ్టులో మీకు తోడున్న మనిషి