పొదకు పెట్టిన బొట్టు

శుక్రవారం రాత్రి, నందిగామ

ఎవరి మీద అరవాలో తెలియడం లేదు. చెవిటికల్లు దగ్గర కృష్ణా నది లంకలో మిగిలింది ఆ ఒక్క పొదే. అలాంటిది నాకు ఇంకెక్కడా కనబడలేదు. చాలా అరుదైన మొక్క, దాని జోలికి పోవద్దంటే ఇసుక తవ్వేవాళ్లు నవ్వారు. బాటనీ పాఠాలు చెప్పే నోటితో ఇంకేం చెప్పను? ఒళ్లు మండి, పోయిన వారం దాని మొదలుకు పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టి వచ్చాను. మంత్రం వేసినట్టు పొక్లెయిన్ ఆగిపోయింది.

"అమ్మోరి చెట్టు కదా మేడమ్, మేం ముట్టుకోమండి" అన్నాడు దాన్ని నడిపే మస్తాన్.

ఇవాళ వెళ్తే సగం పొద లేదు. పడవలో వచ్చిన ఆడవాళ్లు తలా ఓ రెమ్మ విరుచుకుంటున్నారు. అడ్డం వెళ్తే ఒక పెద్దావిడ నా చేతిలోనే ఓ రెమ్మ పెట్టి, "గుమ్మానికి కట్టుకో తల్లీ, మంచి జరుగుద్ది" అంది.

పసుపు కడిగేస్తే పొక్లెయిన్ వస్తుంది. ఉంచితే భక్తులు వస్తారు. అమ్మవారు లేదని ఇప్పుడు నేనే చెప్పాలా?

వేళ్లు పడతాయేమోనని ఆ రెమ్మను గ్లాసెడు నీళ్లలో పెట్టి కిటికీలో ఉంచాను. ఇప్పుడే చూశాను. అత్తయ్యగారు గ్లాసుకు బొట్టు పెట్టేశారు.