రోడ్డు మీద దిగిన విమానం

మంగఫ్, కువైట్
19 మే 1991

హమీదాకు ఖాసిం వలి సలాం చెప్పి రాసేది. అల్లా దయవల్ల నాకు ఏ నలతా లేదు, పనికీ తిండికీ కొదవ లేదు. నువ్వూ అమ్మా నౌమానూ బాగున్నారని నీ జాబు చూసి తెలుసుకున్నాను.

చమురు బావుల పొగ గురించి అడిగినావు. మిట్టమధ్యాహ్నం కూడా లైట్లు వేసుకుని క్రేను తోలుతున్నాం. దగ్గు మాత్రం లేదు. నౌమాన్ లెక్కల్లో తప్పినాడని కొట్టొద్దు, నేను వచ్చి కూర్చోబెడతాను.

ఇంక నీ కోపం సంగతి. పోయిన సెప్టెంబర్‌లో మనవాళ్ళను ఊరికి పంపే జోర్డాన్ బస్సులో చోటు దొరకలేదని నేను రాసినాను. లాల్ బాషా మనింటికొచ్చి, ‘నా పక్క సీట్లో కూర్చుని మళ్ళీ దిగిపోయినాడు’ అన్నాడంట. ఆయన చెప్పిందే నిజం. ఆ జాబు దారిలో ఎవరి చేతిలో పడుతుందోనని అట్ల రాసినాను.

అప్పుడు నా గదిలో ఒక పైలట్ ఉన్నాడు. కెప్టెన్ బదర్ అని, కువైట్ ఆయనే.

ఇరాక్ సైన్యం దిగిన రోజు పొద్దున నేను క్రేను తీసుకుని ఎయిర్‌బేస్ పనికి పోతావున్నాను. బదర్ గారి యుద్ధవిమానం అప్పటికే రెండుసార్లు పైకి పోయి వచ్చిందంట. మూడోసారి వచ్చేసరికి రన్‌వే మీద బాంబులు పడినాయి. దిక్కులేక పక్కనున్న తారురోడ్డు మీదికి దించినాడు. ఎడమ చక్రం తారు దాటి ఇసుకలో దిగబడి విరిగిపోయింది. విమానం పొట్ట మీద ఈడ్చుకుంటా పోయి ఆగింది. నేను ఉరికిపోయి ఆయన్ను బయటికి లాగినాను. మోకాలు నలిగిపోయి ఉండింది. క్రేను క్యాబిన్‌లో పడుకోబెట్టి మంగఫ్ తెచ్చినాను.

సైనికులు రెండుసార్లు గదులు సోదా చేసినారు. ఆయనకు నా లుంగీ కట్టించి, దుప్పటి కప్పి, కామెర్లు అని చెప్పినాను. వాళ్ళు గడప దాటలేదు. అట్లాంటి మనిషిని వదిలి బస్సులో ఎట్ల వచ్చేస్తాను? అక్టోబర్‌లో ఆయన బంధువులు సౌదీకి దాటించినారు. అప్పటికి మన బస్సులు ఖలాస్.

నా గదిలో ఉన్నప్పుడు ఆయన పడుకుని ఆ విమానం కథంతా చెప్పేవాడు. అది కువైట్ వచ్చి పదమూడేళ్ళు. ఎనభై మూడులో నేర్చుకునే పైలట్ ఒకడు గట్టిగా దించి ముందు చక్రం విరగ్గొట్టినాడంట. నాలుగు నెలలు మరమ్మతు చేసినారు. ‘ఆ పైలట్ నేనే, తర్వాత దాన్ని నాకే ఇచ్చినారు’ అని నవ్వినాడు.

హమీదా, ఇది ఇంతవరకు నీకు చెప్పలేదు. ఆరోజు రోడ్డుకు అడ్డంగా నిలబడింది నా క్రేనే. బాంబుల చప్పుడుకు భయపడి నడిరోడ్డులో వదిలేసి కాలువలో దూరినాను. దాన్ని తప్పించబోయి ఆయన విమానాన్ని పక్కకు తిప్పినాడు. మూడు వారాలు ఆయన దగ్గర ఈ సంగతి దాచినాను. ఒకరోజు అన్నం పెడతా చెప్పేసినాను.

‘నాకు తెలుసు ఖాసిం,’ అన్నాడు. ‘పైనుంచి నీ క్రేనే కనపడింది. దిగినాక నువ్వు నా వైపు ఉరుకుతా కనపడినావు.’

పోయిన వారం ఆఫీసర్లు ఆ విమానం రికార్డు ముగించడానికి కూర్చున్నారు. యుద్ధం అయినాక తిరిగొచ్చిన బదర్ గారు, ఇసుక వల్ల జారిందని రాసిచ్చినాడు. నేను పోయి నా క్రేను సంగతి చెప్పినాను.

‘నీ ఉద్యోగం పోతే?’ అన్నాడు బదర్ గారు.

‘వీసా ఇచ్చి పనిలో పెట్టుకునే ఇంకో కఫీల్‌ను చూసుకుంటాను సార్. పదమూడేళ్ళు పని చేసిన బండి. ఆఖరి మాట అబద్ధం వద్దు.’

నేను చెప్పినట్లే రాసి నాతో సంతకం చేయించుకున్నారు. కంపెనీ రెండు రోజులు గొణిగి ఊరుకుంది. బదర్ గారు ఇంక ఎగరలేడు, మోకాలు వంగదు. కొత్తవాళ్ళకు నేర్పించే పని ఇచ్చినారు. అది తలచుకుంటే నాకు కష్టంగానే ఉంటుంది. కానీ ఆయన ముఖం చూడడానికి నాకు భయం లేదు.

నిన్న ఆ విమానాన్ని ఇసుకలోంచి ఎత్తి ట్రెయిలర్ మీద పెట్టే పని నాకే వచ్చింది. పనికొచ్చే సామాన్లు వేరే విమానాలకు వాడతారంట. బదర్ గారు కర్ర పట్టుకుని నిలబడి చేత్తో సైగలు చేసినాడు. ఒక్క గీత పడకుండా దించినాను. ‘ఇట్ల దించాల,’ అని కొత్త పైలట్లకు నన్ను చూపించినాడు.

ఇట్లు,
నీ ఇంటాయన,
ఖాసిం వలి