తమ్ముడి జీపు ముందు నిలబడేది ఎవరు

చెల్లీ, అందరం క్షేమం, కంగారుపడకు.

ఆదివారం పొద్దున తమ్ముడు ఎప్పటిలాగే జీపు తుడుచుకుంటుంటే, "ఇన్ని రోడ్లుండగా మీకు రాళ్లే కావాలా?" అని మరదలు సణిగింది. వాడు నవ్వేసి స్నేహితులతో కలిసి సరదాగా జీపును రాళ్ల గుట్ట ఎక్కించడానికి వెళ్లాడు.

అక్కడ జీపు ముందు నిలబడి దారి చూపేవాడి చెయ్యి చూసే స్టీరింగు తిప్పాలట. వీడు ఆ చెయ్యి చూడకుండా, చక్రం చూద్దామని తల బయటపెట్టాడు. జీపు బండరాయి మీద ఒక పక్కకు ఒరిగిపోయింది. "కదలకురా, మేమున్నాం!" అంటూ నలుగురు స్నేహితులు పైకి లేచిన వైపు వేలాడి, మిగతావాళ్లు తాడు కట్టేదాకా బోల్తా పడకుండా ఆపారు. మోచెయ్యి గీరుకోవడంతో పోయింది. రోజూ ప్రార్థనలో ఆ నలుగురినీ తలుచుకుంటున్నాను.

నీ మోకాలి నొప్పి తగ్గిందా? నా కళ్లజోడు మీ ఇంట్లోనే మరిచాను, పంపు. పిల్లలకు దీవెనలు.

జీపు అమ్మేయమంటుందనుకున్న మరదలు ఆ సాయంత్రం, "ఉండనివ్వండి వదినా. ఇకనుంచి ముందు నిలబడేది నేనే. నా మాట వినకపోయినా నా చెయ్యన్నా చూస్తారాయన" అంది. అందరం సరేనన్నాం, తమ్ముడితో సహా.

అక్క