వైనో మెరుగుపెట్టిన రైఫిల్

అక్టోబర్ 19, బుధవారం

ఐలీ టీచరు నా తుపాకుల షాపుకి వచ్చింది. మొగుడు వైనో పోయాక ఆవిడ బయట కనపడటం ఇదే మొదలు. ఆయన తుపాకీని పాత దుప్పటిలో చుట్టి, చంటిపిల్లని తెచ్చినట్టు రెండు చేతులా మోసుకొచ్చింది. ఎనభై దాటిన మనిషి! ఫోన్ చేస్తే నేనే వచ్చి తీసుకెళ్ళేదాన్ని కదా, మెట్ల మీద జారితే ఎవరు దిక్కు అని కేకలేశాను. చర్చిలో ఆదివారం బడి నడిపి ఈ ఊళ్ళో సగం మంది చెవులు మెలిపెట్టిన మనిషికి నా కేకలు ఒక లెక్కా. ముందు ఆ సిగరెట్ ఆర్పు వెర్నా, తర్వాత అరుద్దువుగాని అంది.

దుప్పటి విప్పాను. జాన్సన్ 1941. యుద్ధకాలపు సెమీ ఆటోమేటిక్. పొట్ట దగ్గర గుండ్రటి డ్రమ్ము, గొట్టం చుట్టూ చిల్లుల తొడుగు. దీన్ని ఒకసారి చూసినవాళ్ళు ఇంక మర్చిపోరు. వైనో గనిలోకి దిగిన కొత్తలో, మొదటి జీతాలు కూడబెట్టి పోస్టులో తెప్పించుకున్నాడు. ఈ వైపు ఇలాంటిది ఇంకొకటి లేదు. ఈ షాపు నడిపిన మా నాన్న ఉన్నన్నాళ్ళూ దాన్ని అడిగాడు, వైనో ఇవ్వలేదు.

దీపం కిందికి తెచ్చి చూశాను.

మెరుస్తోంది. నల్లటి నీలం రంగు, నూనె రాసినట్టు. దానికి అసలు రంగు మసకబారిన బూడిద. మెరుపన్నది ఉండకూడదు.

టీచరు సంతోషం చూడాలి. చూశావా ఎలా చేశాడో, మే నెల నుంచి సెప్టెంబర్ దాకా గరాజ్‌లో అదే పని అంది. ఇనుముకి మందు పూసి తుప్పు పట్టించడం, నీళ్ళలో మరిగించడం, ఉక్కు పీచుతో రుద్దడం, మళ్ళీ తుప్పు పట్టించడం, ఆ నల్లటి నిగనిగ వచ్చేదాకా. మేపుల్ చెట్ల రసం కాచే పెద్ద పళ్ళెంలోనే మరిగించాడట. ముక్కులో ఆక్సిజన్ గొట్టం, పక్కన గ్యాస్ పొయ్యి, పేలిపోతావయ్యా మగడా అని మొత్తుకున్నాను, వింటేనా అంది. లోపలికొచ్చి నా దగ్గర కాసేపు కూర్చోవయ్యా అంటే, ఇంకొక్క పూత ఐలీ, ఇంకొక్క పూత అనేవాడట.

ఇంకో శీతాకాలం చూడడని డాక్టరు చెప్పేశాక మొదలుపెట్టాడు. ఆరు వేల డాలర్లకి ఒక్కటి తగ్గినా ఇవ్వొద్దు, దాంతో ఇల్లు వెచ్చబెట్టే కొత్త ఫర్నేస్ పెట్టించుకో, ఇల్లు వదిలి ఆ ముసలాళ్ళ అపార్ట్‌మెంట్‌కి పోకు. ఇదీ ఆయన ఆఖరి మాట. దుప్పటి మడతపెడుతూ, సరైన ధర ఎంతో చూసి చెప్పు, నువ్వు మీ నాన్న పిల్లవి, నాకు అబద్ధం చెప్పవు అంది.

వారం టైమివ్వండి అన్నాను.


అదే రోజు, సాయంత్రం 6

మొత్తం విప్పి చూశాను. లోపల భాగాలన్నీ అసలువే. సీరియల్ నంబర్లు బాగున్నాయి. గొట్టం లోపల శుభ్రంగా ఉంది. గత వసంతంలో వచ్చి ఉంటే కళ్ళు మూసుకుని ఆరు వేలు చెప్పేదాన్ని. ఆరున్నర కూడా.

పైన అక్షరాల అంచులు గుండ్రబడిపోయాయి. భుజానికి ఆనించే కట్టెని ఎంత సానపట్టాడంటే ఇనుము పక్కన కట్టె లోతుకి దిగిపోయింది. పాత ముద్రలు లేవు. గీతలు లేవు. సైనికుల చేతుల్లో నలిగిన గుర్తు ఒక్కటి లేదు.

పాతవి కొనేవాళ్ళకి కావలసింది ఆ నలుగుడే. మెరుపు ఎవడికి కావాలి?

పని మాత్రం గొప్పగా చేశాడు. అది నన్ను ఇంకా ఏడిపిస్తోంది. చేతకానివాడు పాడుచేస్తే తిట్టుకుని ఊరుకోవచ్చు. ఇది జబ్బు మనిషి ఊపిరి అందక, ఆగి ఆగి, ప్రాణం పెట్టి చేసిన పని. అంత చక్కగా నాశనం చేశాడు.


అక్టోబర్ 21, శుక్రవారం

గ్రీన్ బేలో పాత తుపాకులు కొనే డ్వోరాక్‌కి ఫోటోలు పంపాను. జాన్సన్‌ల గురించి అతనికి తెలిసినంత నాకు తెలియదు. నా లెక్క తప్పయితే బాగుండునని పంపాను, నిజం చెప్పాలంటే.

పావుగంటలో ఫోన్. ఎవడా కసాయి, వాడి చేతులు విరగ్గొట్టాలి అన్నాడు. విడి భాగాల కోసం తీసుకుంటానన్నాడు. ఇరవై నాలుగు వందలు. అంతకు మించి అడిగితే నవ్వుతారు అన్నాడు.

ఆ కసాయి సెప్టెంబర్లో చచ్చిపోయాడు, నోరు మూసుకో అన్నాను. పెట్టేశాను. పాపం అతని తప్పేముంది.


అక్టోబర్ 22, శనివారం

టీచరుకి ఫోన్ చెయ్యలేదు.


అక్టోబర్ 25, మంగళవారం

ఆవిడే చేసింది. తొందరేం లేదులే అంటూనే, ఫర్నేస్ మనిషి వచ్చి కొలతలు తీసుకున్నాడు అంది. తర్వాత అరగంట వైనో గురించే. ఎండాకాలమంతా ఆయన మీద కోపంగానే ఉన్నదట. గరాజ్ తలుపు దగ్గర భోజనం ప్లేటు పెట్టి, మాట్లాడకుండా వచ్చేసిన రోజులున్నాయట. చచ్చిపోతూ కూడా నాకంటే ఆ ఇనుప ముక్కే ఎక్కువైందా అని ఒకసారి అనేసిందట. ఆయన రుద్దుతూనే ఉన్నాడట.

ఇప్పుడు ధర సరిగ్గా వస్తే నా మనసు కుదుటపడుతుంది వెర్నా, నా కోసమే చేశాడని నమ్మకం కుదురుతుంది అంది.

ఫోన్ పెట్టాక షాపులో ఎవరో తూటాల పెట్టె అడిగారు. వేరేది ఇచ్చానట, తిరిగొచ్చి మార్చుకున్నారు.


అక్టోబర్ 27, గురువారం

ఆరు వేలకి చెక్కు రాశాను. షాపు తరఫున నేనే కొంటున్నానని చెప్పాను. న్యాయమైన ధరేనా అని అడిగింది. న్యాయమైనదే అన్నాను. ఆవిడ మొహంలోకి సూటిగా చూస్తూ అన్నాను. ఇంత తేలిగ్గా వచ్చేస్తుందనుకోలేదు నోట్లోంచి.

మెరుగుపెట్టాడు కాబట్టే అంత పలికిందా అని కూడా అడిగింది. ఇక్కడ ఆగాల్సింది. పని చూస్తే ఎవరైనా ముచ్చటపడతారు అన్నాను. అది నిజమే. ఆ నిజం చాటున దాక్కున్నాను.

ఏడ్చింది. చూడు ఈ మొండి మనిషి ఎంత పని చేశాడో అంటూ ఏడ్చింది. నాకు ఒక నిసు, ఫిన్లాండ్ వాళ్ళ తీపి రొట్టె, తెచ్చింది, ఇంకా వేడిగా ఉంది, యాలకుల వాసన షాపంతా. తినబుద్ధి కాలేదు. తిన్నాను.

మూడువేల ఆరు వందలు నష్టం. వేట సీజన్లో వచ్చేదంతా పోయినట్టే. పోనీ. ఒక ముసలావిడ ప్రశాంతంగా నిద్రపోతుందంటే ఆ మాత్రం పెట్టొచ్చు. మంచి పనే చేశాను.

చేశానా?


అక్టోబర్ 30, ఆదివారం

చెక్కు బ్యాంకులో వెయ్యలేదు! చర్చి కింది హాల్లో కాఫీ దగ్గర బల్లబల్లకీ తిరిగి చూపించింది. వైనో పనితనం, వైనో పనితనం. అందరూ నా వైపు తిరిగి తలలూపారు. బ్యాంకులో వేసెయ్యండి టీచర్ అని చెవిలో చెప్పాను. ఆయన ఫోటో పక్కన పెట్టుకుంటాను కొన్నాళ్ళు, నీకేం నొప్పి అంది.

రూడీ లాంపి చెక్కు చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు. వైనోతో పాటు గనిలో పనిచేసిన, ఆయనకంటే బాగా చిన్నవాడైన బ్రహ్మచారి. ఎంత చక్కటి ధర, ఆ మెరుగెలా పెట్టాడో నాకూ కొంచెం తెలుసు అన్నాడు. ఏదో మాటవరసకి అన్నాడనుకున్నాను.


నవంబర్ 5, శనివారం

మాటవరస కాదు.

పొద్దున్నే రూడీ వచ్చాడు. కొత్త చొక్కా, దువ్విన తల. కౌంటర్ మీద పెట్టాడు వాళ్ళ తాత రెమింగ్టన్ మోడల్ 8. అదీ సెమీ ఆటోమేటిక్కే, వైనోదానికంటే చాలా పాతది. ఈ ఊళ్ళో అందరికీ తెలిసిన తుపాకీ. వాళ్ళ తాత దాంతో కొట్టిన దుప్పి కొమ్ములు ఇప్పటికీ బార్లో వేలాడుతున్నాయి. చేతులు పడి పడి దాని గొట్టం వెండిరంగుకి తిరిగి ఉండేది.

ఇప్పుడు నల్లగా నిగనిగలాడుతోంది.

ఎవడు చెప్పాడయ్యా దీన్ని ముట్టుకోమని అని అరిచాను. పళ్ళికిలించడం ఆపేశాడు. నువ్వే కదా, ఆరు వేలకి చెక్కు రాసి చెప్పావు అన్నాడు.

మొత్తం కక్కేశాను. డ్వోరాక్ మాట, ఇరవై నాలుగు వందలు, మెరుగు పెడితే ధర ఎలా పడిపోతుందో, అన్నీ. రూడీ విన్నాడు. తుపాకీ మీద చేత్తో నిమిరాడు, వెండిరంగు ఉండే చోట. నాకు పిల్లలు లేరని ఇది మేనకోడలికి ఇద్దామనుకున్నాను, కాస్త బాగుచేసి ఇద్దామని అన్నాడు. నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది.

టీచరుకి చెప్పొద్దని బతిమాలాను. ఒట్టేశాడు. రూడీ నోరు మంచిదే కానీ మొహం అంతా చెప్పేస్తుంది.


నవంబర్ 8, మంగళవారం

ఆవిడ దగ్గరికి వెళ్దామని కారెక్కాను. ఇంటి మలుపు దాకా వెళ్ళాను. పొగగొట్టంలోంచి పొగ వస్తోంది. వెనక్కి తిప్పాను. పిరికిదాన్ని.


నవంబర్ 12, శనివారం

వేటకి ముందు శనివారం. షాపులో కాలు పెట్టడానికి సందు లేదు. లైసెన్సులవాళ్ళు, తూటాలవాళ్ళు, నారింజ టోపీలవాళ్ళు. ఆ వరసలో ఐలీ టీచరు. ముందుకి రండి టీచర్ అని అందరూ తప్పుకున్నారు. నా వంతు రానీ అంది. నిలబడింది. నాకు అప్పుడే అర్థమైపోయింది.

వంతు వచ్చాక చెక్కు కౌంటర్ మీద పెట్టింది. రూడీ నా రొట్టె వద్దన్నాడు, జన్మలో మొదటిసారి అంది. ఒంటరిగా కూర్చోబెట్టి అడిగితే వాడేం దాస్తాడు, వాడికి బడిలో మొదటి ప్రార్థన నేర్పింది నేనే అంది.

ముట్టుకోకుండా అలాగే వదిలేసి ఉంటే ఎంత అని అడిగింది.

ఆరు వేలు అన్నాను.

ఇప్పుడు?

చెప్పాను. పనితనం మాత్రం గొప్పది టీచర్, నిజంగా, ఈ రోజుల్లో అలా చేసేవాళ్ళు అని మొదలుపెట్టాను. చెయ్యి ఎత్తింది, ఆగిపోయాను.

వెనక వాళ్ళు బూట్లు చూసుకుంటున్నారు. అప్పుడు అంది, చాలా నెమ్మదిగా, లెక్క సరిచూసుకుంటున్నట్టు. అయితే ఎండాకాలమంతా నా దగ్గర కూర్చుని ఉంటే సరిపోయేదన్నమాట. ఏమీ చెయ్యకుండా. వంటింట్లో. డబ్బు ఇంకా ఎక్కువే వచ్చేది.

నేను కౌంటర్ అంచు పట్టుకున్నాను.

మొద్దు మనిషి అంది. మొద్దు మనిషి, మొద్దు మనిషి అంటూ అరచేత్తో కౌంటర్ మీద కొట్టింది. నాలుగైదు దెబ్బలు. తూటాల పెట్టెలు ఎగిరాయి. ఎవరో ఆవిడ భుజం పట్టుకోబోతే విదిలించేసింది. తర్వాత నా వైపు తిరిగింది. నీ చెక్కు చూశాకే ఆయన్ని క్షమించాను వెర్నా, ఇప్పుడు ఏం చెయ్యమంటావు నన్ను అంది.

తప్పయిపోయింది టీచర్ అన్నాను. అందరి ముందూ ఏడ్చాను.

న్యాయమైన ధర ఎంతో అంతకి రాయి అంది. ఇరవై నాలుగు వందలకి ఇంకో చెక్కు రాశాను. చదివింది, మడిచి పర్సులో పెట్టుకుంది. మరి ఫర్నేస్ అన్నాను. పొయ్యిలోకి కట్టెలున్నాయి అంది. తలుపు దాకా వెళ్ళి వెనక్కి తిరిగి, వీళ్ళంతా నిలబడి ఉన్నారు, పని చూసుకో అంది.

చూసుకున్నాను. సాయంత్రం దాకా లైసెన్సులు రాశాను. ఎవరి పేరూ గుర్తు లేదు.


నవంబర్ 14, సోమవారం

డ్వోరాక్ ఫోన్ చేశాడు, జాన్సన్ ఎప్పుడు పంపుతావని. పంపనన్నాను. ఇంకో వంద వేస్తానన్నాడు. వద్దన్నాను. మరి ఏం చేసుకుంటావు దాన్ని అన్నాడు. తెలియదన్నాను.


నవంబర్ 15, మంగళవారం

వేట మొదలు. షాపు తెరవలేదు. నాన్న హయాం నుంచి ఈ రోజు మూసింది లేదు.

టీచరు వంటింట్లో ఉన్నాను. ఎందుకొచ్చావని అడగలేదు. అడవిలోంచి తుపాకుల చప్పుడు వినిపిస్తోంది. గిన్నెలైనా కడుగుదామని లేచాను.

కూర్చో, పనేం లేదు అంది.