స్వాతి డిపాజిట్

బుధవారం, రాత్రి

పై పోర్షన్‌ల కిరాయికుంటున్న స్వాతి ఆదివారం ఖాళీ చేస్తది. అగ్రిమెంట్ ఇంక సగం కూడ కాలె. మాదాపూర్ల ఉద్యోగం పోయిందట, కడపకు పోతదట. ముందుగాల పోతున్నందుకు డిపాజిట్ల ఒక నెల కిరాయి కట్ చేసుకోమని తనే అన్నది. మిగిలింది ఇద్దామంటె నా దగ్గర ఏడుంది? ఎండాకాలం బోరు ఎండిపోతె కొత్త బోరుకే పెట్టిన. నార్సింగిల ఓనర్లందరు చెప్పేదే నేనూ చెప్పిన. "కొత్తోళ్లు దిగి డిపాజిట్ ఇయ్యంగనే నీది నీకిస్త బిడ్డా."

ఇయ్యాల తన ఆఫీసుల పనిచేసిన పిల్లను స్వాతే తోల్కొచ్చింది, ఇల్లు చూపెట్టనీకి. నేను చాయ్ పట్టుకొని మెట్లెక్కుతుంటె ఆ పిల్ల అడుగుతున్నది, "ఖాళీ చేసేటప్పుడు డిపాజిట్‌కు సతాయిస్తారా?"

"లేదు. ఆంటీ చానా మంచోరు. అడిగిన రోజే ఇచ్చేస్తారు," అన్నది స్వాతి.

చాయ్ చల్లారేదాంక మెట్ల మీదనే నిలబడ్డ.

కొత్త పిల్ల రేపే డిపాజిట్ వేస్తనన్నది. అది అట్లనే స్వాతికి పంపిస్త. పోయేనాడు ఈ కొత్త పిల్ల సుత నా గురించి ఎవరికి ఏం చెప్పాల్సొస్తదో...