మిస్రీ మొహానికి మందు

జూన్ 7, శనివారం

బక్రీద్ రోజు కూడా బుకింగ్ ఒప్పుకున్నాడు మా ఆయన సాదిక్. రేపటితో ముహూర్తాలు ఆఖరు, మళ్ళీ శ్రావణం దాకా మా పెళ్ళి గుర్రం మిస్రీ ఖాళీయే అని. పెళ్ళయిన ఇరవై రెండేళ్ళలో నాకు నమాజు వేళలు ఎంత తెలుసో పంచాంగమూ అంతే తెలిసిపోయింది.

ఉప్మాకలో పెళ్ళి. సాయంత్రం మిస్రీని ముస్తాబు చేస్తుంటే కంటి కింద రూపాయి బిళ్ళంత మేర వెంట్రుకలు ఊడి, పొలుసులు లేచి ఉంది. ముక్కు పక్కన ఇంకొకటి. తెల్ల గుర్రం. వీధి చివరి నుంచి కూడా కనబడతాయి. పెళ్ళివారు చూస్తే వద్దు పొమ్మంటారు. నా పౌడరు డబ్బా తెచ్చి, తడి చేత్తో మచ్చల మీద మెత్తి, పైన వెల్వెట్ పట్టీ బిగించాను. ఫోటోల్లో బాగానే పడింది.

జూన్ 9, సోమవారం

నిన్నటి పెళ్ళి కూడా అలాగే లాగించేశాం. ఈ పొద్దున పట్టీ విప్పితే దాంతోపాటు తోలు ఊడొచ్చింది. లోపల చీము. నేను చేసిన ఘనకార్యం.

పశువుల ఆసుపత్రికి కొత్త డాక్టరమ్మ వచ్చింది, సుప్రియ అని. తామర అంది. పౌడరూ చెమటా కలిసి చర్మానికి ఊపిరాడక ఇన్ఫెక్షన్ కూడా తోడయిందంది. పౌడరు ఎవరు రాశారని అడిగితే పెళ్ళివారి పిల్లలండీ అన్నాను. నోట్లోంచి ఎంత సులువుగా వచ్చిందో.

రోజుకి రెండుసార్లు గోరువెచ్చటి నీళ్ళలో లోషన్ కలిపి పొక్కులు నానబెట్టాలట. పీకకూడదు. పూర్తిగా ఆరాకే ఆయింట్‌మెంట్. కంట్లో పడకూడదు. గ్లౌజులు వేసుకోవాలి, గుడ్డా బ్రష్షూ విడిగా పెట్టుకోవాలి. ఆరు వారాలు మొహానికి ఏ పట్టీ కట్టకూడదు. మనుషులకీ అంటుకుంటుంది జాగ్రత్త అని మరీమరీ చెప్పింది.

ఇంటికొచ్చి చూస్తే సాదిక్ గడ్డం కింద అప్పటికే ఉంది. పన్నెండేళ్ళుగా దాని మొహానికి మొహం ఆనించి ముద్దులాడుతున్నాడు, రాదా మరి. నన్నెప్పుడైనా అలా పలకరించిన పాపాన పోయాడా.

జూన్ 10

కరిచింది.

జూన్ 14, శనివారం

నాలుగు రోజులు నరకం. సాదిక్ మోకాలు పట్టేసి నిలబడలేడు. నేను గుడ్డ పట్టుకుంటే చాలు, అది తల పైకెత్తేస్తుంది. నా ఎత్తు అయిదడుగులు.

ఈ రోజు విసుగొచ్చి గోనె సంచి మీద కూలబడ్డాను. చెమటకి ప్రాణం పోతోంది. శుభ్రమైన గుడ్డ ఒకటి తడిపి నా చెంపకి పెట్టుకున్నాను. అది తల వంచి చూసింది. వాసన చూసింది. మెల్లిగా అదే గుడ్డ దాని చెంపకి పెడితే ఊరుకుంది. కాబట్టి ఇక నుంచి ముందు నాకు, తర్వాత దానికి. పక్కింటి కొర్లమ్మ గోడ మీంచి చూసి, గుర్రానికి సేత్తన్నావా నీకు సేసుకుంతన్నావా అంది.

జూన్ 19, గురువారం

కె. కోటపాడు నుంచి త్రినాధరావు వచ్చాడు. గుర్రాలు కొని విశాఖ బీచ్‌లో పిల్లల్ని ఎక్కించి తిప్పేవాళ్ళకి అమ్ముతాడు. సాదిక్కే ఫోన్ చేసి రప్పించాడట. నాకు ఒక్క ముక్క చెప్పలేదు.

మోకాలు ఇక పనికిరాదనీ, బరాత్ ఊరేగింపు ముందు నాలుగు గంటలు నడవలేననీ ఆయన గొడవ. అది నిజమే. నేను నడుస్తానన్నాను. ఆడమనిషి గుర్రం పట్టుకుని ముందు నడిస్తే పెళ్ళోళ్ళు ఒప్పుకుంటారేటి, ఊరంతా నవ్వుతారు అన్నాడు. త్రినాధరావు కూడా నవ్వాడు.

మిస్రీని చూసి, ఈ మొకంతో ఎవుడు కొంతాడు బావా, బాగు సేసి కబురెట్టు, ఆ రోజే వత్తాను అన్నాడు. వెళ్తూ వెళ్తూ నాతో, మందు మాత్రం మానకమ్మా అని చెప్పాడు.

అంటే నేనెంత శ్రద్ధగా రాస్తే మిస్రీ అంత తొందరగా ఇంట్లోంచి పోతుందన్నమాట. రోజంతా ఎండలో, ఆ ఇసుకలో.

జూన్ 24, మంగళవారం

ముక్కు పక్కన కొత్త వెంట్రుకలు వస్తున్నాయి. సాదిక్ సంతోషపడ్డాడు. నాకు ఏడుపొచ్చింది.

జూన్ 26

ఆషాఢం వచ్చింది. మందు రాయలేదు.

జూన్ 27

ఈ రోజూ రాయలేదు. ఎవరూ అడగలేదు. గిన్నె, గుడ్డ బయటికి తెచ్చి, కాసేపు కూర్చుని లోపలికి తీసుకెళ్ళాను.

జూన్ 30, సోమవారం

నాలుగు రోజులు. కంటి కింది పుండు రెప్ప దాకా పాకింది. కన్ను సగమే తెరుస్తోంది, నీరు కారుతోంది, ఈగలు. నేను వెళ్ళగానే గుడ్డ కోసం చెంప తెచ్చి ఇచ్చింది. నా చేతిలో గుడ్డ లేదు.

దాన్ని ఉంచుకోవాలని దాని కన్నే తీయబోయాను. నాకంటే త్రినాధరావు నయం.

జూలై 1, మంగళవారం

డాక్టరమ్మకి మొత్తం చెప్పేశాను. పౌడరు సంగతి కూడా. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు, కన్ను పరీక్ష చేసి, నల్లగుడ్డుకి ఇంకా తగల్లేదు, రెండు రోజులు ఆలస్యమైతే చెప్పలేం అంది. కంటి చుక్కలు రాసింది. ఇక నుంచి పొద్దునా సాయంత్రం ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టమంది. నన్ను నమ్మట్లేదు. నమ్మకపోవడమే మంచిది.

జూలై 12, శనివారం

నా మణికట్టు మీద కూడా గుండ్రంగా తేలింది. సాదిక్‌కి గడ్డం, నాకు చేయి, దానికి మొహం. ఇంటిల్లిపాదికీ ఒకటే జబ్బు. నడుము పడిపోతోంది. రోజుకి రెండు పూటలు, ఫోటోలతో సహా.

జూలై 22, మంగళవారం

ఆఖరి పొక్కు నానబెట్టకుండానే రాలిపోయింది. రెప్ప కింద కొద్దిగా గులాబీ రంగు మచ్చ, అంతే. డాక్టరమ్మ ఇక ఫోటోలు చాలంది.

సాదిక్ కబురు పెట్టాడు. నేను కాదనలేదు.

జూలై 24, గురువారం

త్రినాధరావు కొత్త తాడు తెచ్చుకున్నాడు. మొహం చూసి, మందు బాగా పనిసేసింది సుమీ అని మెచ్చుకున్నాడు. పళ్ళు చూద్దామని పెదవి పట్టుకోబోతే మిస్రీ తల విసిరింది. అతని గడ్డానికి తగిలి పెదవి చిట్లింది. మళ్ళీ పట్టుకోబోయాడు, మళ్ళీ అంతే. మూడోసారి వెనక కాళ్ళ మీద లేచింది.

సాదిక్ కుంటుకుంటూ వెళ్ళి తాడు తీసుకున్నాడు. ఆయనకీ ఇవ్వలేదు మొహం. పన్నెండేళ్ళు పెంచినవాడు. అలా చేయి చాపి నిలబడిపోయాడు. నాకు ఆయన్ని చూడబుద్ధి కాలేదు.

గుడ్డ లేదు. వట్టి అరచేయి నా చెంపకి పెట్టుకుని, తర్వాత దాని చెంపకి పెట్టాను. తల దించింది. కళ్ళెం వేస్తే వేయించుకుంది.

త్రినాధరావు పెదవి తుడుచుకుంటూ, ఇది ఒక్కరి గుర్రం అయిపోనాది బావా, పిల్లల్ని ఎక్కించడానికి పనికిరాదు, నాకొద్దు అన్నాడు. తాడు చుట్టుకుని వెళ్ళిపోయాడు.

భోజనం దగ్గర సాదిక్ మంచినీళ్ళు తాగి, ముప్పై ఒకటిన పూడిమడకలో పెళ్ళి, ఇందాకే బుకింగ్ ఒప్పుకున్నాను, ఇంటి నుంచి ఒంటిగంటకల్లా బయల్దేరాలి నువ్వు, అన్నాడు. పెళ్ళోళ్ళు ఏమంటారో అన్నాను. ఏమన్నా అంటే నాతో మాట్లాడమను అన్నాడు.

జూలై 31

పూడిమడక. పట్టీ లేదు, ఉత్త మొహంతోనే. ఊరి నడి వీధిలో కళ్ళెం పట్టుకుని ముందు నా నడక. ఎవరో నవ్వారు, ఎవరో వీడియో తీశారు. పెళ్ళికొడుకు నాయనమ్మ కాసులమ్మ పసుపు గిన్నెతో ఎదురొచ్చి మిస్రీ మొహానికి రాయబోతే తల తిప్పేసింది. మొహానికి వద్దమ్మా, జబ్బు చేసి లేచింది అన్నాను. ఆవిడ అలాగేనని కింద కూర్చుని నాలుగు గిట్టలకీ రాసింది. రాసి, లేవకుండానే నా రెండు పాదాలకీ రాసేసింది. నడిసేవోళ్ళకే కదేటి రాయాల అంది.

ఇంకా కడుక్కోలేదు.